చేపపిల్లలో క్షయ గురించి రాసేటప్పుడు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

క్షయను అర్థం చేసుకోవడానికి జీబ్రా చేపపిల్లలను ఎలా వాడతారో చెబుతూ నువ్వు బెజవాడ నుంచి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలో ‘చేపలకు క్షయ ఎక్కిస్తారు’ అన్నావు. ఆ మాట కొట్టెయ్. ఎక్కించేది మనిషి క్షయ క్రిమిని కాదు, దాని దగ్గరి చుట్టం మైకోబాక్టీరియం మారినంని. అది చేపలకు మామూలుగానే సోకే క్రిమి. మన క్షయ క్రిమికి 37 డిగ్రీల వేడి కావాలి. చేపపిల్లలు పెరిగే నీళ్లు 28.5 డిగ్రీలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చుట్టాన్ని ఎందుకు ఎంచుకున్నారో చదివేవాళ్లకే తెలిసిపోతుంది. ఇంట్లో చేపల తొట్టి ఉన్నవాళ్లు కూడా నీ వ్యాసం చదువుతారు. చేతికి గాయం ఉండగా తొట్టి కడిగితే ఇదే క్రిమి చర్మానికి సోకవచ్చని వాళ్ల కోసం ఒక ముక్క రాయి.

ఇంజెక్షన్‌ను ఒక్క వాక్యంలో తేల్చేశావు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది, కాస్త ఆగు. గుడ్డు గసగసాల గింజంత. రెండో రోజుకి పిల్ల 3 మిల్లీమీటర్లు, ఒళ్లంతా గాజులా ఉంటుంది. నల్లమచ్చలు రాకుండా మొదటి 24 గంటల్లోనే నీళ్లలో 0.003 శాతం పీటీయూ అనే రసాయనం కలుపుతారు. ఆలస్యమైతే అప్పటికే పడ్డ మచ్చ పోదు. ట్రైకెయిన్‌తో మత్తిచ్చి, పక్కకు పడుకోబెట్టి, తోక దగ్గరి సిరలోకి గాజు సూది దించుతారు. ఎక్కేది ఒక్క నానోలీటరు, అంటే లీటరులో వంద కోట్లో వంతు. లోపలికి వెళ్లిందో లేదో కనబడాలని అందులో ఎర్రటి ఫినాల్ రెడ్ కలుపుతారు.

చెడేది కూడా ఇక్కడే. ఈ క్రిములకు మైనపు పొర ఉంటుంది, ముద్దలు కడతాయి. ముద్ద సూది మొనకు అడ్డం పడితే ఒక పిల్లకు పది క్రిములు, పక్కదానికి వెయ్యి వెళ్తాయి; ఇక ఆ రెంటినీ పోల్చి లాభం లేదు. అందుకే ముందే సన్న సూదిలోంచి పదేపదే లాగి ముద్దలు విడగొడతారు. తర్వాత ఒక్కో పిల్లకు ఎన్ని క్రిములు వెళ్తున్నాయో తెలియడానికి అదే సూదితో ఒక చుక్కను పళ్లెంలో వేసి, మొలిచిన క్రిముల గుంపులను లెక్కపెడతారు. ఈ లెక్క గురించి నువ్వు రాయనే లేదు.

గ్రాన్యులోమా, అంటే క్రిమి చుట్టూ రక్షణ కణాలు గుమిగూడి కట్టే ముద్ద, దాని గురించి రాసిన భాగం బాగుంది. క్రిమిని బంధించే గోడ అనుకున్న ఆ కణాల ముద్దే తొలి రోజుల్లో క్రిమి వ్యాపించే దారి కూడా అవుతుందని క్షయ పరిశోధకురాలు లలితా రామకృష్ణన్ బృందం 2009లో ఈ పిల్లల్లోనే చూపించింది. క్రిమి సోకి చచ్చిన కణాన్ని తినడానికి వచ్చిన కొత్త మాక్రోఫేజ్‌లకు (క్రిములను మింగే రక్షణ కణాలకు) లోపలి క్రిమి అంటుకుంటుంది. ఈ సంగతిని చివరి పేజీలో దాచకు, ముందుకు తే.

‘మనిషికీ చేపకూ 70 శాతం పోలిక’ అన్నది తప్పు. మన జన్యువుల్లో దాదాపు 70 శాతానికి చేపలో జోడీ జన్యువు ఉంది, అంతే. చేపకు ఊపిరితిత్తులు లేవు. పైగా పుట్టిన మొదటి కొన్ని వారాలు దానికి సహజ రక్షణ ఒక్కటే పనిచేస్తుంది, క్రిమిని గుర్తుపెట్టుకునే టీ కణాల రక్షణ ఇంకా సిద్ధం కాదు. మాక్రోఫేజ్ ఒంటరిగా ఏం చేస్తుందో చూడాలంటే అదే వరం. టీకా గురించి అడిగితే ఆ వయసు పిల్ల దగ్గర జవాబు దొరకదు. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో ఉండాలి.

సవరించి పంపు. పిల్ల బొమ్మ ఒకటి గీయించి, సూది ఎక్కడ దిగుతుందో బాణం గుర్తు పెట్టు.