పిచ్చుకకు కంకి, తొండకు పురుగు
పెరటి నేస్తాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బాల్కనీలో పిచ్చుకల కోసం పళ్లెంలో నూకలు, మిగిలిన అన్నం పెడుతున్నామండీ. నెల తిరక్కుండా పావురాలు గుంపులుగా వచ్చిపడ్డాయి, పిచ్చుకలు మానేశాయి. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ పళ్లెం తీసెయ్యండి. పరిచి పెట్టిన గింజల మీద పావురాలదే పెత్తనం. పది రోజులు ఏమీ పెట్టకపోతే అవి వేరే చోటు చూసుకుంటాయి. ఆ తర్వాత, గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ల వసారాకు కట్టే వరికుచ్చు కట్టండి. పిచ్చుక పాతిక, ముప్పై గ్రాముల పిట్ట. ఊగే కంకిని కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, గింజను ముక్కులో అటూ ఇటూ తిప్పి ఊక రాల్చేసి బియ్యం మింగుతుంది. దానికి పదింతలుండే పావురానికి అక్కడ కాలు నిలవదు.

కుచ్చుకు జానెడు కాడతో కోసిన కంకులు యాభై, అరవై చాలు. నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, పురికొసతో మూడు చోట్ల బిగించండి. పచ్చి కాడలను కడితే ఎండాక సన్నబడి కట్టు వదులవుతుంది, కంకులు జారిపోతాయి, లోపల బూజు పడుతుంది. మరీ ఎండినవైతే వంచగానే విరుగుతాయి. పిల్లి దూకినా అందనంత ఎడంగా, పిట్టగోడకు, కటకటాలకు దూరంగా వేలాడదీయండి. కింద రాలిన గింజలు ఏ రోజుకారోజు ఎత్తెయ్యాలి, లేదంటే పావురాలు మళ్లీ దిగుతాయి. వాటి రెట్టను మాత్రం పొడిగా ఊడవకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి, మూతికి గుడ్డ కట్టుకుని తీయండి.

కంకులు దొరక్కపోతే కిరాణా కొట్లో తినడానికి అమ్మే సజ్జలు, కొర్రలు రోజుకు ఒక గుప్పెడు. విత్తనాల దుకాణంలో కొన్నవి అసలు వద్దు. వాటిమీద కనిపించే గులాబీ, ఎరుపు పూత విత్తనశుద్ధి మందు, పిట్ట ప్రాణం తీస్తుంది. ఉప్పు కలిసిన అన్నం, కారప్పూస, మిక్చర్ కూడా పెట్టకండి.

ప్రశ్న: మా పెరటి కంచె మీదికి రోజూ ఒక తొండ వస్తుంది. మెతుకులు వేస్తే ముట్టదు, దగ్గరికెళ్తే పారిపోతుంది. మచ్చిక అవుతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చేతికెక్కేంత మచ్చిక ఆశించకండి. మిమ్మల్ని చూసి పారిపోకుండా ఉండేంత చనువు మాత్రం కుదురుతుంది. తొండకు కదిలేదే తిండి, మెతుకు దాని కంటికి ఆనదు. పొద్దున్న ఎండ కాచుకునే వేళ, రోజూ అదే సమయానికి, ఆరడుగుల దూరంలో నేలమీద కూర్చోండి. మీ నీడ దానిమీద పడకూడదు, పైనుంచి నీడ పడితే గద్ద అనుకుంటుంది. అది తల ఆడిస్తూ అక్కడే ఉండిపోతే, మర్నాడు నునుపైన స్టీలు గిన్నెలో రెండు చిన్న మిడతలు వేసి కంచె పక్కన పెట్టండి. గిన్నెలో మిడతలు కదులుతుంటే, ఆ కదలిక తొండను దింపుతుంది. పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. రోజు విడిచి రోజు రెండు, మూడు చాలు, దాని వేట అది మానకూడదు. గొంగళిపురుగులు, మందు కొట్టిన బొద్దింకలు వద్దు.

గిన్నెలో నీళ్లు పెడితే చాలావరకు పట్టించుకోదు. ఉదయాన్నే ఆకుల మీద నీళ్లు చిలకరించండి, బొట్టు బొట్టుగా నాకుతుంది. నోరు తెరిచిందంటే బెదిరిందని, వెనక్కి తగ్గండి. తోక పట్టుకోవద్దు, బల్లి తోకలాగా తొండ తోక మళ్లీ మొలవదు. గొంతు ఎర్రబడటం మగతొండకు జత కట్టే కాలంలో వచ్చే రంగు. రక్తం పీలుస్తోందని రాళ్లు వేసే పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

ప్రశ్న: పాలలో బల్లి పడితే విషమా? జిగురు అట్టకు అంటుకున్న బల్లిని ఎలా విడిపించాలి?
– ఒక గృహిణి, వరంగల్

జవాబు: మన ఇళ్లలో బల్లికి విషం లేదు. కానీ దాని ఒంటిమీద, రెట్టలో వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు, కాబట్టి ఆ పాలు పారబోయండి. అట్టకు అంటుకున్నదాన్ని లాగితే చర్మం ఊడుతుంది. ముక్కు, నోటికి తగలకుండా వంటనూనెను దూదితో పాదాల చుట్టూ అద్ది, నాలుగైదు నిమిషాలు ఆగి, ఒక్కో వేలినీ అగ్గిపుల్లతో నెమ్మదిగా లేపండి. మిగిలిన నూనెను మెత్తటి గుడ్డతో అద్ది, నీడపట్టున గోడ వారగా వదలండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.