వోల్టేజీ, కరెంటు తెలిస్తే మెకానిక్ మాట గుడ్డిగా నమ్మక్కర్లేదు

వోల్టేజీ, కరెంటు ఇచ్చి రెసిస్టెన్సు, పవరు కనుక్కోమనే లెక్కలు పరీక్షలు దాటాక ఎందుకైనా పనికొస్తాయా అని అడిగారు. నిక్షేపంగా పనికొస్తాయి. మా చిన్నమ్మ ఇంట్లో మంటలు లేవకుండా ఆపింది ఆ లెక్కే.

చిన్నమ్మ వాళ్లది తిరుపతి బైరాగిపట్టెడ. ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున నాలుగింటికే స్నానం. ఆ యేడు "గీజరేసి ఎంతసేపున్నా నీళ్లు కాగడం లేదురా" అని ఫోన్ చేసింది. అప్పటికే మెకానిక్ వచ్చి నీళ్లు కాచే కాయిల్ పోయింది, మార్చాలన్నాడట. స్టెబిలైజర్ కూడా పెట్టించుకోమన్నాడట. వోల్టేజీ కొలిచే మీటరు మాత్రం బయటికి తియ్యలేదు. ఇట్లాంటి వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జ్వరం చూడకుండా మందు రాసే డాక్టరుకూ వీళ్లకూ తేడా ఏముంది?

గీజరు మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని రాసుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే 26.4 ఓములు, అదే రెసిస్టెన్సు. కాయిల్ బాగుంటే అటూ ఇటూగా ఇంతే రావాలి. గీజరు ఆన్‌లో ఉండగా దాని దగ్గర కొలిస్తే 200 వోల్టులు, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో 7.5 ఆంపియర్లు వచ్చాయి. 200ని 7.5తో భాగిస్తే 26.7. కాయిల్ నిక్షేపంగా ఉంది! 200ని 7.5తో హెచ్చిస్తే 1500 వాట్లు. నాలుగో వంతు పవరు తగ్గింది, అందుకే నీళ్లు ఆలస్యం.

వీధంతా గీజర్లు వేసే వేళ, లైన్లోనే వోల్టేజీ తక్కువ అనుకోవచ్చు. కానీ అదే సమయానికి మీటరు బోర్డు దగ్గర 215 ఉంది. మధ్యలో 15 వోల్టులు ఎక్కడికి పోయాయి? 15ని 7.5తో భాగిస్తే 2 ఓములు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 15 మీటర్ల దూరానికి, పోను రాను కలిపి, 0.2 ఓముల చుట్టుపక్కలే ఉండాలి. అంటే తప్పు వైరుది కాదు, వైర్లు కలిపిన జాయింటుది. అక్కడ దాదాపు 100 వాట్లు వేడిగా మారుతున్నాయి, అదీ గోడలోపల!

మెయిన్ ఆపేసి జంక్షన్ బాక్సు విప్పితే మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు నల్లగా మాడిపోయి ఉంది. ఇన్సులేషన్ కరిగి పక్క వైరుకు అంటుకుంది. మాడిన ముక్క కోసేసి, కనెక్టర్ వేయించి కొలిస్తే గీజరు దగ్గర 213 వచ్చింది.

బడిలో ఓమ్ 1827లో సూత్రం ప్రకటించాడని బట్టీ పట్టించారు. త్రికోణం గీసి మీద వి (వోల్టేజీ), కింద ఐ (కరెంటు), ఆర్ (రెసిస్టెన్సు) అన్నారు. మల్టీమీటరు ఒక్కరోజూ చేతికివ్వలేదు. పదో తరగతి పిల్లలకు ఇంట్లో ఇస్త్రీపెట్టె లెక్క వేయిస్తే చాలు, జన్మలో మర్చిపోరు.

ఒక్క జాగ్రత్త. ఈ భాగహారం గీజరు, హీటరు, ఇస్త్రీపెట్టె లాంటివాటికే సూటిగా కుదురుతుంది. మోటారుకు పవర్ ఫ్యాక్టర్, అంటే వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వచ్చేదాంట్లో నిజంగా పవరయ్యే వంతు, కూడా లెక్కలోకి తీసుకోవాలి. వోల్టేజీ తగ్గితే గీజరు తక్కువ కరెంటు లాగుతుంది, లోడు మీదున్న బోరు మోటారు ఎక్కువ లాగుతుంది. చిత్తూరు పక్క పల్లెల్లో లో వోల్టేజీకి మోటార్ల వైండింగ్ కాలిపోయేది అందుకే. కాబట్టి స్టార్టరులో, కరెంటు మితిమీరితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలేని మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకు సరిపెట్టించండి, మాటిమాటికీ ట్రిప్పవుతోందని పెంచొద్దు.