జలగ పట్టిన గొర్రెలకు ఆవుల మినరల్ మిక్స్చర్ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది వనపర్తి జిల్లా. 60 గొర్రెలున్నాయి, చెరువు శిఖంలో (నీరు తగ్గాక తేలే చెరువు నేలలో) మేపుతాం. సంక్రాంతి తర్వాత ఎనిమిది గొర్రెలు చిక్కిపోయాయి. సాయంత్రానికి దవడ కింద నీరు దిగుతోంది, తెల్లారేసరికి తగ్గుతోంది. ఒకటి చనిపోతే కోసి చూశాం. కార్జం గట్టిపడి, లోపల ఆకుల్లాంటి పురుగులున్నాయి. లవణాల లోపమని ఎవరో చెబితే ఆవుకు వాడే మినరల్ మిక్స్చర్ నెల నుంచి దాణాలో కలుపుతున్నాం. డోసు పెంచాలా?

జవాబు: పెంచొద్దు. ఈ రోజే ఆపేయండి.

మీరు చూసింది కార్జపు జలగ (లివర్ ఫ్లూక్), నీళ్లలో ఒంటికి పట్టే జలగ కాదు. వేపాకు ఆకారంలో ఉండే ఈ పురుగు పిత్తనాళాల్లో చేరి రక్తం తాగుతుంది. ఒక్కో జలగతో రోజుకు అర మిల్లీలీటరు దాకా రక్తం పోవచ్చు. వంద ఉంటే 50 మిల్లీలీటర్లు! రక్తంతో పాటు ఇనుమూ, మాంసకృత్తులూ పోతాయి. మాంసకృత్తులు తగ్గడం వల్లే నీరు దిగుతోంది. పగలంతా తల వంచి మేస్తుంది కాబట్టి సాయంత్రానికి అది దవడ కిందికి చేరుతుంది. కాబట్టి లోపం ఉన్నమాట నిజమే. కానీ జలగలు ఉన్నంతకాలం ఎంత ఇనుము పెట్టినా వాటి పాలే.

నాకు అసలు భయం రాగితో. ఎక్కువైన రాగి పిత్తరసంతో బయటికి పోవాలి. ఆవుకు ఆ శక్తి బాగానే ఉంటుంది, గొర్రె మాత్రం రాగిని కార్జంలోనే దాచుకుంటుంది. జలగలతో కార్జం దెబ్బతింటే ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. కిలో ఎండు మేతలో 40 మిల్లీగ్రాముల రాగి వరకు ఆవు తట్టుకుంటుంది, గొర్రెకు 15 దాటితేనే ప్రమాదం. ఆవుల మిశ్రమంలో రాగి ఆవు లెక్కన కలుపుతారు.

ఈ విషం నెలల తరబడి పైకి కనిపించదు. ఓ రోజు మంద దూరం నడిచినా, మేత తప్పినా రాగి ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ఎర్రకణాలు పగిలిపోతాయి. కళ్లు పచ్చబడతాయి, మూత్రం కాఫీ డికాషన్‌లా వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో గొర్రె చనిపోతుంది. ఆ మూత్రం కనిపిస్తే వెంటనే పశువైద్యుణ్ణి పిలిచి, ఆవుల మిశ్రమం పెట్టిన సంగతి ముందే చెప్పండి. రాగిని కట్టేయడానికి అమ్మోనియం మాలిబ్డేట్, సోడియం సల్ఫేట్ తాగిస్తారు.

ఇక జలగల సంగతి. ఎనిమిదింటికే కాదు, మంద మొత్తానికీ మందు తాగించాలి. ఐవర్‌మెక్టిన్ జలగ మీద పనిచేయదు. ట్రైక్లాబెండజోల్ కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు ఇస్తే పిల్ల జలగలు కూడా చస్తాయి. ఆక్సీక్లోజనైడ్ (కిలోకు 15 మిల్లీగ్రాములు) పెద్దవాటినే చంపుతుంది. ఏ మందు, మళ్లీ ఎప్పుడు అన్నది డాక్టరు గారిని అడగండి, చూలు గొర్రెల గురించి తప్పకుండా అడగండి. కంటి అంచనాతో తాగించకండి, కాటా మీద తూచండి. పేడ పరీక్ష కూడా చేయించండి, రక్తం పీల్చే కడుపు నట్టలున్నా దవడ కింద ఇలాగే నీరు దిగుతుంది.

తర్వాత రోజుకు గొర్రెకు 100 గ్రాముల వేరుశనగ చెక్క, గొర్రెల కోసమే తయారైన లవణ మిశ్రమం పెట్టండి. బూజు పట్టిన చెక్క మాత్రం వద్దు, అది కూడా కార్జాన్నే తింటుంది. శిఖంలో నీటి అంచున మేపడం ఆపండి, నత్తల నుంచి బయటపడ్డ జలగ పిల్లలు అంటుకునేది ఆ గడ్డికే. నత్తలు చావాలని చెరువులో మైలుతుత్తం చల్లే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. గొర్రెలు తాగే నీళ్లలో చల్లకండి, అదీ రాగే.

మరో గొర్రె చనిపోతే మూత్రపిండాలు కూడా చూడండి. నల్లబడి ఉంటే రాగి విషమని అనుమానించి, కార్జం ముక్కతో పాటు వాటినీ ల్యాబుకు పంపండి.