గుండు చేయించుకున్న పిల్ల

చిరంజీవి అమ్మణ్ణికి,

నీ బొమ్మల నవల పేజీలు చూశాను. గీతకి వంక పెట్టను. నా పేచీ మొదటి అధ్యాయంతో. తాగొచ్చి కొట్టే నాయన, ఇష్టంలేని పెళ్లి, మోసం చేసిన ప్రేమికుడు. ఒక పిల్ల తిరుపతి స్టేషన్లో బండెక్కడానికి ఇన్ని కావాల్నా? మగపిల్లోడు ఇల్లు వదిలితే దేశాలు చూడబోయాడంటాం. ఆడపిల్ల వదిలితే ఎవరేం చేశారని అడుగుతాం. నీ పుస్తకం ఆ ప్రశ్నకి సంజాయిషీ రాసిస్తోంది. ఆ అధ్యాయం తీసెయ్. ఆ పిల్లకి ఒకచోట కాలు నిలవదు, అంతే.

పాఠకుడు అది నమ్మాలంటే దారి నమ్మకంగా ఉండాలి. రాత్రి ఎక్కడ పడుకుంది? ఒంటరిగా వచ్చిందని లాడ్జిలో ఏమేం అడిగారు? స్నానానికి పోతూ బ్యాగు ఎవరికి అప్పజెప్పింది? చేతిలో డబ్బులు లేక ఆగిపోయిందని రాశావు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగులూ ఎక్స్‌ప్రెస్‌లూ ఆడవాళ్లకి ఉచితం కదా! ఎవరూ ఆపకపోయినా తనే దిగిపోయే ఊరొకటి చూపించు.

నీ చేతిలో ఉన్న గొప్ప సంగతి నువ్వే గమనించలేదు. తిరుమల కల్యాణకట్టలో ఆమె గుండు చేయించుకుంటుంది. ఒక్క బొమ్మ గడిలో గీసి వదిలేశావు. తిరుపతి వీధుల్లో గుండుతో ఉన్న ఆడమనిషిని ఎవరూ తిరిగి చూడరు. అదే తల పాకాల దాటి మదనపల్లె వైపు పోయేకొద్దీ మొక్కా, జబ్బా అనే చూపులకి దొరుకుతుంది. బస్సులో పక్కసీటు అవ్వ, "ఎవురు పోయినారు మేయ్?" అని అడిగేస్తుంది. పైగా జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుంది. 'మూడు నెలల తర్వాత' అని నువ్వు పెట్టిన పెట్టెలన్నీ కొట్టెయ్, తల చూసి పాఠకుడే లెక్కేసుకుంటాడు. మళ్లీ జడకి అందేంత పెరిగాక ఆమెని ఎవరూ ఏమీ అడగరు. అప్పుడు ఆమెకి హాయిగా ఉంటుందా, వెలితిగా ఉంటుందా? నాకు తెలుసుకోవాలని ఉంది.

రేణిగుంట జంక్షన్ ఘట్టం బాగుంది. గూడూరు, అరక్కోణం, గుంతకల్లు, లేదా వెనక్కి తిరుపతి. కానీ ఏ బండి ఎక్కిందో కుడిపేజీ చివరి గడిలోనే చెప్పేశావు. పేజీ తిప్పాకే తెలియాలి.

మాటల బుడగలు ఇంగ్లీషు కామిక్కుల కొలతకి గీసి తెలుగు కుక్కావు. మనకి పైన గుడి, కింద వత్తు. వరసలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. ముందు మాట రాసి, తర్వాత చుట్టూ బుడగ గీయి. ఫాంటు వద్దు, చేత్తోనే రాయి.

ఆమె ముఖం పేజీకొక తీరుగా ఉంది. ఒకసారి శ్రీకాళహస్తి పోయి కలంకారీ రామాయణం గుడ్డ ముందు నిలబడు. గడులు గడులుగా కథ నడుస్తుంది, నీలం ఒంటి రాముణ్ణి ఏ గడిలోనైనా ఇట్టే పట్టుకుంటావు. నీ పిల్లకి అట్లాంటి గుర్తు ఏముంది? ముఖం కాకపోతే నడకైనా, భుజాన సంచి వేసుకునే తీరైనా.

చివర ఆమెని ఇంటికి తెచ్చి అమ్మ ఒళ్లో పడుకోబెట్టావు. నాకు నచ్చలేదు, అయినా వాదించను. మొదటి అధ్యాయం తీసేస్తే ఆ ముగింపు దానంతటదే నిలవదు, చూస్కో. ఈసారి ఒరిజినల్స్ పట్టుకుని రా, ఫోన్లో గీత సరిగా కనబడటంలేదు.