స్నేహితుల కోసం పెట్టుకున్న మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో ఏ సెట్టింగులు మార్చుకోవాలి?

ఎనిమిది మంది కోసం జావా ఎడిషన్ (మైన్‌క్రాఫ్ట్ ఆట కంప్యూటర్ రూపం) సర్వర్ పెట్టుకున్నామనీ, ప్లగిన్ల (బయటి నుంచి చేర్చే అదనపు ప్రోగ్రామ్‌ల) జోలికి పోకుండా ఆటలో ఉన్న సెట్టింగులతోనే సర్దుకోవాలనుకుంటున్నామనీ రాశారు. క్రీపర్లు అనే పేలిపోయే రాక్షసులు ఇళ్లు పేల్చేయడం, అందరూ పడుకుంటే తప్ప రాత్రి గడవకపోవడం, చనిపోతే సామాను పోవడం, అప్పుడప్పుడూ ఆట నత్తనడక నడవడం మీ ఇబ్బందులని చెప్పారు. మా ఇంటివాళ్లం తొమ్మిది మందిమి కలిసి ఆడే సర్వర్‌ను నేను రెండేళ్లకు పైగా నడుపుతున్నాను. ఈ నాలుగు ఫిర్యాదులూ మొదటి నెలలోనే నా దగ్గరికి వచ్చాయి. నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఏమిటంటే, ప్రతి సెట్టింగూ తన పేరు చెప్పేదానికంటే ఎక్కువ పని చేస్తుంది. అందుకని ఒకటి మార్చే ముందు దానితోపాటు ఇంకేమేమి మారతాయో చూసుకోవాలి, రెండింటిని ఒకే రోజు మార్చకూడదు.

సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి. సర్వర్ ప్రాపర్టీస్ అనే ఫైల్‌లో ఉన్నవాటిని సర్వర్ ఆపి మార్చాలి, ఎందుకంటే ఆ ఫైల్‌ను సర్వర్ మొదలయ్యేటప్పుడు మాత్రమే చదువుతుంది. గేమ్‌రూల్స్ (ఆట నియమాలు) మాత్రం కన్సోల్‌లో, అంటే సర్వర్‌కు ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, కమాండ్ ఇచ్చిన క్షణం నుంచే అమలవుతాయి. అవి ప్రపంచంతోపాటే భద్రమవుతాయి కాబట్టి కొత్త ప్రపంచం మొదలుపెడితే మళ్లీ పెట్టుకోవాలి. గేమ్‌రూల్ పేర్లు కొన్ని వెర్షన్ల మధ్య మారాయి కనుక పేరు బట్టీ పట్టకుండా, ఆటలో కమాండ్ టైప్ చేస్తూ ట్యాబ్ నొక్కి వచ్చే జాబితాలోంచి ఎంచుకోండి.

క్రీపర్ల విషయంలో ఎవరైనా మొదట ఇచ్చే సలహా మాబ్ గ్రీఫింగ్ (ఆటలోని జీవులు బ్లాకులను పాడుచేయడాన్ని అనుమతించే గేమ్‌రూల్) ఆపేయమనే. నేనూ అదే చేశాను. గోడలు నిలిచాయి, ఎండర్‌మెన్ అనే పొడవాటి జీవులు పెరట్లో మట్టి ఎత్తుకుపోవడం మానేశాయి, అందరూ సంతోషించారు. రెండు వారాల తర్వాత మా మేనకోడలు, ఎంత రొట్టె వేసినా తన ఊళ్లో గ్రామస్థుల సంఖ్య పెరగడం లేదని ఫిర్యాదు చేసింది. మంచాలు సరిపోలేదేమోనని ఇంకో ఆరు వేయించాను, తలుపుల దగ్గర దారి సరిచేయించాను, ఫలితం లేకపోయింది. కారణం నేను మార్చిన సెట్టింగే. అది ఆపివేసి ఉంటే గ్రామస్థులు నేల మీద పడిన తిండి తీసుకోరు, రైతులు పంట కోయరు. నెదర్ అనే పాతాళ లోకంలో పిగ్లిన్ అనే జీవుల ముందు బంగారం విసిరినా ఎత్తుకోవు. పేరులో గ్రీఫింగ్ అనే మాట ఉన్నంత మాత్రాన అది విధ్వంసానికే పరిమితమని అనుకోవడం నా పొరపాటు.

మాబ్ గ్రీఫింగ్‌ను మళ్లీ ఆన్ చేసి, 1.19.3 వెర్షన్‌తో వచ్చిన మాబ్ ఎక్స్‌ప్లోజన్ డ్రాప్ డికే అనే గేమ్‌రూల్‌ను ఫాల్స్‌గా మార్చాను. మామూలుగా క్రీపర్ పేలినప్పుడు పగిలిన బ్లాకుల్లో కొన్ని మాయమవుతాయి. ఈ మార్పుతో అన్నీ కింద పడతాయి, ఏరుకుని గోడ మళ్లీ కట్టుకోవచ్చు. ఇల్లు దెబ్బతింటుంది, సామగ్రి నష్టం మాత్రం ఉండదు. మా వాళ్లకు ఈ రాజీ నచ్చింది. క్రీపర్ అంటే భయం ఉండాలి కదా, అది కూడా పోతే వాటిని రానివ్వకుండా దీపాలు పెట్టేవాళ్లే ఉండరు.

రాత్రి సంగతికి వస్తే, డాలస్‌లో ఉండే మా బావమరిది ఆట తెరిచి పెట్టి తన పనిలో పడిపోయేవాడు. అతను పడుకోడు, కాబట్టి హైదరాబాదులో ఉన్న ఐదుగురికీ తెల్లవారదు. 1.17 నుంచి ఉన్న ప్లేయర్స్ స్లీపింగ్ పర్సెంటేజ్ (రాత్రి గడవడానికి ఎంత శాతం మంది పడుకోవాలో చెప్పే గేమ్‌రూల్) విలువ మొదట 100గా ఉంటుంది. దాన్ని 50 చేస్తే మీ ఎనిమిది మందిలో నలుగురు చాలు, 1 చేస్తే ఒక్కరు చాలు. మేము 1 పెట్టుకున్నాం. ఇక్కడా ఒక చిక్కుంది: రాత్రి దాటిపోయినా, పడుకోనివారి నిద్రలేమి లెక్క చెరిగిపోదు. మంచం ఎక్కకుండా మూడు ఆట రోజులు, అంటే సుమారు ఒక గంట గడిపినవారి మీదికి ఆకాశం కనిపించే చోట ఫాంటమ్‌లు అనే ఎగిరే రాక్షసులు దిగుతాయి. మా బావమరిది తన మేడ మీద నిలబడి రెండుసార్లు అలాగే చనిపోయాడు. ఇన్సోమ్నియా గేమ్‌రూల్ ఆపితే ఫాంటమ్‌లు పూర్తిగా రావు, కానీ ఎలిట్రా (ఎగరడానికి తొడుక్కునే రెక్కలు) మరమ్మతుకు వాటి పొరలు కావాలి కాబట్టి మేము ఆపలేదు. ఆయనకే పైకప్పు వేసుకోమని చెప్పాం.

కీప్ ఇన్వెంటరీ (చనిపోయినా సామాను పోకుండా ఉంచే గేమ్‌రూల్) గురించి నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతకాలం మా వాళ్లు చావును ఉచిత బస్సులా వాడుకున్నారు; గని నుంచి ఇంటికి నడవడం దండగని లావాలో దూకి మంచం దగ్గర లేచేవారు. ఈ సెట్టింగు ప్రపంచమంతటికీ ఒకటే, ఒక్కరికి మాత్రమే పెట్టడం కుదరదు. ఎనిమిదేళ్ల మేనల్లుడి కోసం ఒక నెల ఉంచి, తర్వాత అందరి సమ్మతితో తీసేశాం. ఆ రోజే ఒక మాట చెప్పాను, మీరూ మీ వాళ్లకు చెప్పండి: కింద పడిన వస్తువులు ఐదు నిమిషాల్లో పోతాయన్నది నిజమే, అయితే దగ్గరలో మరెవరూ లేక ఆ ప్రాంతం లోడ్ కాకుండా ఉంటే ఆ గడియారం నడవదు. అందువల్ల చనిపోయిన వెంటనే కంగారుగా పరుగెత్తే బదులు కవచం, తిండి సిద్ధం చేసుకుని వెళ్లడం మేలు.

మీరు అడగకపోయినా త్వరలోనే ఎదురయ్యేది స్పాన్ ప్రొటెక్షన్. దాని విలువ మొదట 16. స్పాన్ (ఆటగాళ్లు మొదట ప్రత్యక్షమయ్యే చోటు) చుట్టూ 33 బ్లాకుల చదరంలో ఆపరేటర్ (సర్వర్ మీద అధికారం ఉన్నవారు) కానివారు ఏదీ పగలగొట్టలేరు, పెట్టలేరు. నేను ఆపరేటర్‌ను కాబట్టి నాకు అన్నీ పనిచేశాయి, మిగిలినవాళ్ల ఇంటర్నెట్ బాగాలేదని మూడు రోజులు వాదించాను. మీ మధ్య నమ్మకం ఉంటే ఫైల్‌లో దాన్ని 0 చేయండి.

రాండమ్ టిక్ స్పీడ్‌ను (మొక్కలు పెరగడం లాంటి మార్పుల వేగాన్ని నిర్ణయించే గేమ్‌రూల్‌ను) ముట్టుకోకపోవడమే మంచిది. మొక్కలు త్వరగా పెరగాలని 3 ఉన్నదాన్ని ఒక సాయంత్రం 300 చేసి, మళ్లీ తగ్గించడం మర్చిపోయాను. మరునాటికి మా అక్క రాగితో వేసుకున్న పైకప్పు మొత్తం పచ్చబడింది. పంటకూ రాగికి పట్టే చిలుముకూ లెక్క ఒకటే. ఆ పచ్చదనాన్ని గొడ్డలితో బ్లాకు బ్లాకూ గీకే శిక్ష నాకే పడింది.

ఆట నెమ్మదించడానికి మాత్రం గేమ్‌రూల్స్ వెతకకండి. సర్వర్ సెకనుకు 20 టిక్‌లు (ఆటను ఒక్కో అడుగు ముందుకు నడిపే లెక్కలు) పూర్తి చేయాలి, అంటే ఒక్కో టిక్‌కు 50 మిల్లీసెకన్లు. ఆ గడువు దాటుతూ బాగా వెనకబడినప్పుడు కన్సోల్‌లో కాంట్ కీప్ అప్ అనే హెచ్చరిక వస్తుంది. అది కనిపిస్తుంటే ఫైల్‌లో సిమ్యులేషన్ డిస్టెన్స్‌ను (ఆటగాడి చుట్టూ ఎంత దూరం వరకు ఆట నడవాలో చెప్పే విలువను) 10 నుంచి 6కు తగ్గించండి. అప్పటికీ చాలకపోతేనే వ్యూ డిస్టెన్స్ (ఎంత దూరం కనిపించాలో చెప్పే విలువ) తగ్గించండి, ఎందుకంటే అది 10 ఉన్నప్పుడు ఒక్కో ఆటగాడి చుట్టూ 441 చంక్‌లు (ప్రపంచాన్ని విడగొట్టిన చదరపు ముక్కలు) లోడ్ అవుతాయి కానీ, దాన్ని తగ్గిస్తే దూరపు కొండలు కనిపించక అందరూ గొణుగుతారు. సిమ్యులేషన్ తగ్గించాక ఆటగాడికి దాదాపు 100 బ్లాకులు దాటిన పంటలు ఎదగవు, యంత్రాలు తిరగవు. పొలం ఇంటికి దగ్గరగా వేసుకోమని ముందే చెప్పండి. హెచ్చరిక రాకుండానే ఆట ఆగుతూ ఉంటే తప్పు సెట్టింగులది కాకపోవచ్చు. అప్పుడు సర్వర్ ఏ కంప్యూటర్ మీద, ఎంత మెమరీతో నడుస్తోందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.