సైన్స్ ఫిక్షన్ చదువుతానంటున్న బీటెక్ అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. మార్కులు బాగానే వస్తున్నాయి. ఇప్పుడేమో సైన్స్ ఫిక్షన్ మీద, భవిష్యత్తును ఊహించే సాహిత్యం మీద పీజీ చేస్తానంటోంది. అసలు అలాంటి చదువు ఉందా? చేస్తే బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉందండీ. కాకపోతే చూడటానికి ఒకేలా కనిపించే రెండు వేర్వేరు చదువులున్నాయి. తనకు ఏది కావాలో తేల్చుకోకుండా రెంటికీ ఒకే ఎస్‌వోపీ (ఎందుకు చేరాలనుకుంటున్నారో వివరించే ప్రకటన) పంపితే రెండు చోట్లా తిరస్కరిస్తారు.

మొదటిది సాహిత్య అధ్యయనం. ఇది ఇంగ్లిష్ విభాగాల్లో ఉంటుంది. గ్లాస్గో యూనివర్సిటీ ఫాంటసీ సాహిత్యంలోనే ఏడాది మాస్టర్స్ నడుపుతోంది. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ క్యాంపస్‌లో ఉన్న ఈటన్ కలెక్షన్, ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న సేకరణ ఈ రంగంలో పరిశోధకులు వెళ్లి కూర్చునే పెద్ద భాండాగారాలు. రెండోది ఫ్యూచర్స్ స్టడీస్, దీన్నే ఫోర్‌సైట్ అని కూడా అంటారు. అమెరికాలోని హ్యూస్టన్, ఫిన్లాండ్‌లోని టుర్కు యూనివర్సిటీల్లో మాస్టర్స్ ఉంది. హవాయి యూనివర్సిటీలో 1971 నుంచే దీనికో పరిశోధన కేంద్రం ఉంది. ఇక్కడ కథలు రాయించరు, సినారియోలు, అంటే భవిష్యత్తు ఏయే రకాలుగా ఉండొచ్చో చూపే చిత్రాలు, కట్టిస్తారు. ఒక నగరానికి పాతికేళ్ల తర్వాత నీళ్ల పరిస్థితి ఏ మూడు నాలుగు రకాలుగా మారొచ్చు, ఒక్కో దారికి తొలి సూచనలేమిటి అన్నది లెక్కలతో చూపించాలి. చమురు కంపెనీ షెల్ 1970ల మొదట్లోనే ఇలాంటి సినారియోలు రాసుకుంది కాబట్టే 1973 చమురు సంక్షోభానికి మిగతావాళ్ల కంటే మెరుగ్గా సిద్ధపడగలిగిందని ఈ రంగంలో పాఠంగా చెబుతారు. ఇంట్లో ఎవరైనా దీన్ని జోస్యం, కాలజ్ఞానం అనుకుంటే ఆ అపోహ ముందే తీసేయండి. రేపు ఏం జరుగుతుందో చెప్పడం ఈ రెండు చదువుల పనీ కాదు.

మీ అమ్మాయికి ఏది సరిపోతుందో తెలుసుకోవడానికి ఒక్క కథ చాలు. బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌’లో ప్రచురించిన ‘సుల్తానాస్ డ్రీమ్’. ఇంగ్లిష్‌లో రాసిన చిన్న కథ, ఒక గంటలో అయిపోతుంది. అందులో పరదా మగవాళ్లకు. ఆడవాళ్లు మబ్బుల నుంచి నీళ్లు తోడతారు, ఎండ వేడిని నిల్వ చేసి వాడతారు, రోజుకు రెండు గంటలే పని చేస్తారు. రెండు గంటలు ఎలా సరిపోతాయంటే లెక్క కూడా చెబుతుంది రచయిత్రి: మగవాడు రోజుకు పన్నెండు చుట్టలు కాలుస్తాడు, చుట్టకు అరగంట, అంటే ఆరు గంటలు పొగలోనే పోతాయి.

ఇది చదివాక మీ అమ్మాయి “ఆ రోజుల్లో ఒక బెంగాలీ ముస్లిం గృహిణి ఈ వాదన చేయడానికి కథనే ఎందుకు ఎంచుకుంది? చుట్టల లెక్క వ్యంగ్యమా, వాదనా?” అని తవ్వుతుంటే సాహిత్యం వైపు పంపండి. “నిజంగా రెండు గంటల పనిదినం రావాలంటే కరెంటు, జీతాలు, ఇంటిపని ఎలా మారాలి?” అని కాగితం తీసుకుంటే ఫోర్‌సైట్ వైపు. రెండూ మంచి ప్రశ్నలే. చేరాల్సిన విభాగాలే వేరు.

సాహిత్యం వైపు వెళ్తే అసలు పరీక్ష రైటింగ్ శాంపిల్. చాలా విభాగాలు పది నుంచి ఇరవై పేజీల విమర్శ వ్యాసం అడుగుతాయి. బీటెక్ పిల్లలు ఇక్కడే తప్పుతారు: సగం పేజీలు కథ చెప్పేస్తారు, మిగతా సగంలో “ఈ రచయిత ఊహించిన ఫలానా యంత్రం ఇప్పుడు వచ్చేసింది” అని జాబితా ఇస్తారు. అడ్మిషన్ కమిటీకి ఆ రెండూ అక్కర్లేదు. ఒకే కథ, ఒకే ప్రశ్న, వాక్యం వాక్యం చూపించే రుజువు కావాలి. పైన చెప్పిన చుట్టల లెక్క మీదే పన్నెండు పేజీలు రాయొచ్చు. రెండో చిక్కు రికమెండేషన్ లెటర్లు. మూడూ సీఎస్‌ఈ అధ్యాపకులవే అయితే వాటిలో మార్కులు తప్ప మరేమీ ఉండదు. అందుకే ఇప్పటినుంచే కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేవారికి వ్యాసం చూపించి దిద్దించుకోవాలి. కనీసం ఒక లెటర్ అలాంటివారు ఇవ్వాలి. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో సాహిత్య విమర్శ కోర్సు చేసి పరీక్ష కూడా రాస్తే, ఈ ఇష్టం కొత్త మోజు కాదనడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

ఇక డబ్బు సంగతి, దాపరికం లేకుండా. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేసినవారికి చదువయ్యాక ఓపీటీ (అక్కడే ఉండి ఉద్యోగం చేసే అనుమతి) మొత్తం 36 నెలల దాకా దొరుకుతుంది. ఇంగ్లిష్ ఎంఏకు 12 నెలలే. అప్పు చేసి వెళ్లేవాళ్లు ఈ ఒక్క తేడా తెలియకే ఇరుక్కుంటారు. అక్కడ ఇంగ్లిష్ ఎంఏకు సాయం తక్కువ, పీహెచ్‌డీకి టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో ఫీజు మాఫీ, స్టైపెండ్ సాధారణం. కాబట్టి సొంత డబ్బుతో విదేశీ ఎంఏ కంటే ముందు ఇక్కడ ఎంఏ చేయడమే నా సలహా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ఎంఏకు సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. రాష్ట్ర యూనివర్సిటీలకైతే బీటెక్ వారిని ఆ సబ్జెక్టుకు తీసుకుంటారో లేదో నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

ఎంఏలో 55 శాతం వస్తే (రిజర్వుడ్ వర్గాలకు 50) అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయొచ్చు. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000. ఆ డబ్బుతో సైన్స్ ఫిక్షన్ మీదే పీహెచ్‌డీ చేసుకోవచ్చు, మీ మీద భారం పడదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూల వేతనం యూజీసీ స్కేలులో రూ.57,700. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఒట్టి ఎంఏతో ప్రైవేటు కాలేజీలో చేరితే జీతం దీనికి దరిదాపుల్లో ఉండదు. ఫోర్‌సైట్ చదివినవారు కన్సల్టెన్సీల్లో, కంపెనీల వ్యూహ విభాగాల్లో, ప్రభుత్వ ప్రణాళికా పనుల్లో చేరతారు. అక్కడ సీఎస్‌ఈ డిగ్రీ పెద్ద బలం, డేటాతో పని చేయగలిగినవారిని ముందు తీసుకుంటారు.

అందుకే బీటెక్ మధ్యలో మానొద్దు, బ్యాక్‌లాగ్ ఒక్కటీ ఉంచుకోవద్దు. క్యాంపస్‌లో ఉద్యోగం వస్తే ఒకటి రెండేళ్లు చేసి పొదుపు చేసుకున్నా నష్టం లేదు. ముందు ఈ సెలవుల్లో ఆ కథ చదివించి, పన్నెండు పేజీల వ్యాసం మొదటి ప్రతి రాయమనండి. తనకు తానుగా పూర్తి చేసిందా, మీరు గుర్తుచేస్తే తప్ప కదల్లేదా అన్నది చూసుకుని, నాలుగో సంవత్సరం మొదలయ్యాక మళ్లీ రాయండి.