ఫోటోలు కదిలిస్తానంటున్న మా మేనకోడలికి

చిట్టితల్లీ,

ఉద్యోగం మానేసి పాత ఫోటోల్ని ఏఐతో వీడియోలు చేసే షాపు పెడతానంటున్నావట. మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది, మధ్యలో "అంతా మీ పోలికే వదినా" అని నన్నో దెప్పు దెప్పింది కూడా. నేనేం మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం మన ఫోటో స్టూడియో పని మన ఇంటి పిల్లే అందుకుంటోందని మీ మావయ్య దగ్గర మురిసిపోయాను. ఆయన పేపరు దించకుండా "ముందు ఉద్యోగం మానొద్దని చెప్పు" అన్నారు. అదీ నిజమే. కొన్నాళ్ళు సాయంత్రాలు చేసి చూడు, పెళ్ళిళ్ళ సీజనూ మూఢమూ రెండూ చూశాక అప్పుడు ఆలోచిద్దాం రాజీనామా సంగతి.

నీకీ పిచ్చి ఎప్పుడు పట్టిందో నాకు తెలుసులే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మీ సింగ్ నగర్ మునిగినప్పుడు మీ బీరువా కింద అరలో ఆల్బమ్‌లన్నీ ముద్దయిపోయాయి. తడిసిన ఫోటోని గుడ్డతో తుడిస్తే బొమ్మే ఊడొస్తుందే అని నేను గుంటూరు నుంచి ఫోన్లో అరుస్తుంటే, నువ్వు మేడ మీద దండెం కట్టి ఒక్కొక్కటీ నీడలో ఆరేస్తూ కూర్చున్నావు. ఇంట్లో మిగతా వాళ్ళంతా ఫ్రిజ్ పోయింది, వాషింగ్ మెషీన్ పోయింది అని ఏడుస్తున్నారప్పుడు.

మామూలు విషయాలు నీకు చెప్పక్కర్లేదు. స్కానర్ అద్దం తుడుచుకో, 600 డీపీఐకి, అంటే అంగుళానికి 600 చుక్కలకి తగ్గకు, అసలు ఫోటో కస్టమర్ చేతిలో అదే రోజు పెట్టెయ్యి. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని మాత్రం ఎంత బతిమాలినా పీకకు, మొహం అద్దానికే ఉండిపోయి కాగితం ఒక్కటే చేతికొస్తుంది. అద్దంతో సహా పక్క వెలుతురులో పెట్టి, మెరుపు పడకుండా నల్లగుడ్డ అడ్డుపెట్టి ఫోటో తీసుకో.

నువ్వు పంపిన నాయనమ్మ వీడియో చూశాను. మొదట రెప్ప వేసినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ తర్వాత ఆవిడ నోరు తెరిచి నవ్వింది, తెల్లగా వరసగా పళ్ళు. మా అమ్మకి ముందు పళ్ళ మధ్య సందు ఉండేది, కిళ్ళీ వేసి వేసి ఎర్రబడ్డాయి కూడా, అందుకే ఎవరి ముందైనా చెంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వేది కాదు. నువ్విచ్చిన ఫోటోలో నోరు మూసి ఉంది కదా, లోపల ఏముందో దానికెలా తెలుస్తుంది? అది లెక్కలేనన్ని వీడియోలు చూసి, ఇలాంటి మొహం కదిలితే ఇలా ఉండొచ్చని అల్లుకుపోతుంది, అంతే. మీ బావ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోటోని వీడియో చేసే రన్‌వే, క్లింగ్, జెమినైలో ఉండే వియో అన్నీ చూపించాడు. ఏ దాంట్లో చూసినా తప్పులు ఒకే చోట దొరుకుతున్నాయి. ఫోటోలో కనపడనిది చూపించమంటే చాలు, కల్పించేస్తుంది. తల పూర్తిగా పక్కకి తిప్పమంటే ఆ పక్క చెంప దాని సొంతం. ముక్కుపుడక కరిగిపోతుంది, కాసులపేరు మెడలో పాకుతుంది, వెనక షాపు బోర్డు మీద తెలుగు అక్షరాలు పురుగుల్లా మెలికలు తిరుగుతాయి.

కాబట్టి తక్కువ అడుగు. ఒక రెప్ప, ఒక ఊపిరి, చెంగు కొద్దిగా గాలికి కదలడం, కెమెరా నెమ్మదిగా దగ్గరికి రావడం. వచ్చేది కొద్ది సెకన్ల ముక్క, అందులో డాన్సులు వేయించకు. నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసిన దాన్ని చెబుతున్నాను, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియకపోతే మనిషి మారిపోతాడు. ఫోటో శుభ్రం చేసే యాప్‌లతో కూడా అదే గొడవ, మసకగా ఉన్న మొహం తేటపడుతుంది గానీ తేటపడింది ఆ మొహమో కాదో ఇంట్లో వాళ్ళే చెప్పాలి. రంగులు వేసేముందు చీర ఏ రంగో అడుగు. వియో శబ్దం కూడా తనే పెట్టేస్తుంది, అది తీసెయ్యి. చనిపోయిన మనిషి నోట్లోంచి ఎవరిదో గొంతు రావడం కంటే ఘోరం ఇంకోటి లేదు. పెద్దకర్మకి ఎవరైనా చేయించుకుంటే ముందు ఇంట్లో పెద్దకొడుక్కో కూతురికో ఒక్కళ్ళకే చూపించు, సరేనన్నాకే హాల్లో తెర మీద వేయనివ్వు.

ఇక అసలు సంగతి. ఇది రాయొద్దని మీ మావయ్య పక్కనుంచి గొణుగుతున్నారు. రాస్తాను.

కొత్తపేటలో మన స్టూడియో బాగా నడుస్తున్న రోజులు. ఫిల్మ్ కాలం. నేను పురిటికి పుట్టింటికి వెళ్ళాను. నేను ఉన్నన్నాళ్ళూ బిల్లు బుక్కు నా చేతిలోనే ఉండేది, బిల్లు చూపించకుండా ఎవరికీ రెండో కాపీ ఇచ్చేదాన్ని కాదు, ఇవ్వనన్నందుకు తిట్లు కూడా తిన్నాను. నేను లేనప్పుడు ఒక కుర్రాడు వచ్చాడట, బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడట, ఇస్త్రీ చొక్కా. "ఫలానా అమ్మాయితో నాకు సంబంధం కుదిరింది సార్, ఆషాఢం వెళ్ళగానే తాంబూలాలు, మా బామ్మ మంచం మీద ఉంది, జంటగా చూడాలని ఒకటే కోరిక" అన్నాడట. ఆ అమ్మాయి హాల్ టికెట్ ఫోటో మన దగ్గరే దిగింది, నెగటివ్ మన డబ్బాలోనే ఉంది. మీ మావయ్య సంగతి నీకు తెలుసుగా, బామ్మ అంటే కరిగిపోతారు. ఇద్దరి ప్రింట్లూ కత్తిరించి అతికించి, అంచులు బ్రష్‌తో దిద్ది, దాన్ని మళ్ళీ కెమెరాతో తీసి జాయింట్ ఫోటో చేసిచ్చారు. రాత్రంతా కూర్చుని చేశారట. ఎంత బాగా కుదిరిందంటే భుజాల మధ్య గీత కూడా కనపడలేదట. అదే కొంప ముంచింది.

వాడికి బామ్మా లేదు, సంబంధమూ లేదు. ఆ పిల్లకి తెనాలి వైపు నిజంగా కుదిరిన సంబంధం వాళ్ళకి ఆ ఫోటో పోస్టులో వెళ్ళింది.

వాళ్ళ నాన్న మన షాపుకొచ్చారు. నలుగురిని వెంటేసుకుని వస్తే బాగుండేదని మీ మావయ్య ఇప్పటికీ అంటారు. ఆయన ఒక్కరే వచ్చి, కౌంటరు దగ్గర నిలబడి, "నెగటివ్ ఇవ్వండి" అన్నారట. ఇచ్చారు, రెండూ ఇచ్చారు. అతికించి చేసిన ఫోటో అని తెనాలి వెళ్ళి వాళ్ళకి స్వయంగా చెబుతానని ఈయన కాళ్ళావేళ్ళా పడ్డారు, వెళ్ళారు కూడా. వాళ్ళు విన్నారు, కాఫీ ఇచ్చారు, సంబంధం మాత్రం వద్దనేశారు. ఫోటో అబద్ధమైతే అయ్యుండొచ్చు గానీ నిప్పు లేకుండా పొగ వస్తుందా అన్నారట. ఆ పిల్ల ఆ ఏడాది పరీక్ష రాయలేదు. తర్వాత చదువుకుంది, పెళ్ళయింది, బడిలో టీచరుగా కూడా చేసింది. నేను రైతు బజార్లో కనిపిస్తే పలకరించేది. మన షాపు ముందు నుంచి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు, ఎండలోనైనా సరే చుట్టూ తిరిగి వెళ్ళేది, నేను అద్దంలోంచి చూసేదాన్ని.

ఆ ఫోటోకి మీ మావయ్యకి ఒక రాత్రి పట్టింది. నీకు టీ తాగేలోపు అయిపోతుంది.

నీ రేట్ల కాగితం మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది, అందులో "ఇద్దరి ఫోటోలు ఇవ్వండి, హగ్ వీడియో చేసి ఇస్తాం" అని ఉంది. బుద్ధుందా నీకు? ఆ లైను కొట్టెయ్. చిన్నప్పుడే తండ్రి పోయిన పిల్ల తన ఫోటో, నాన్న ఫోటో తెస్తే చెయ్యి, డబ్బులు తీసుకోకపోయినా పర్లేదు. కానీ ఫోటోలో ఉన్న మనిషి బతికి ఉంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, ఫోన్ చేసి నువ్వే మాట్లాడాలి, సరేనని మెసేజ్ పెట్టించుకోవాలి. ఆడపిల్ల ఫోటో మగపిల్లాడు తెస్తే, వాడు ఎంత మర్యాదగా మాట్లాడినా, బామ్మ మంచం మీద ఉందన్నా, చెయ్యకు. బిల్లు బుక్కు పెట్టు. ఎవరు తెచ్చారు, ఫోటోలో ఎవరు, వీళ్ళకి ఏమవుతారు, మూడూ రాయి. 2026 ఫిబ్రవరిలో ఐటీ నియమాలు మార్చి, ఏఐతో చేసిన వీడియో మీద ఆ సంగతి తెలిసేలా లేబుల్ ఉండాలన్నారు కదా, కస్టమర్ తీసెయ్యమన్నా తియ్యకు. ఫ్రీ యాప్‌లలో ఊళ్ళో వాళ్ళ ఫోటోలు ఎక్కించకు, అవి ఎక్కడికెళ్ళి కూర్చుంటాయో మనకి తెలియదు. పని అయ్యి డబ్బులు చేతికొచ్చాక నీ దగ్గరున్నవి కూడా చెరిపెయ్యి.

కోప్పడ్డానని ఫోన్ కట్టేసి కూర్చోకు, నీ సంగతి నాకు తెలుసు. నువ్వు చేసిన ఆ నాయనమ్మ వీడియో, నవ్వు రాకముందు వరకు కత్తిరించి దాచుకున్నాను. చూసినప్పుడల్లా మీ నాన్నకి పంపుదామనుకుని ఆగుతున్నా, వాడికి బీపీ కదా.

రేటు తక్కువ చెప్పకు. ఒక వీడియో సరిగ్గా రావాలంటే నాలుగు చెడిపోతాయి, చెడిపోయిన వాటికీ యాప్ కోసుకునే క్రెడిట్ల డబ్బులు కూడా కలుపు, సగం అడ్వాన్సు తీసుకో. చుట్టాల దగ్గర కూడా.

అటక మీద ట్రంకు పెట్టెలో మన స్టూడియో నెగటివ్‌లు ఉన్నాయి, మీ నాన్న పెళ్ళివీ, నాయనమ్మవీ. మీ ఇంట్లో మునిగిన ఫోటోల్లో సగం వీటిలో దొరుకుతాయి. బయటికి పంపనని మీ మావయ్య భీష్మించుకుని కూర్చున్నారు, కాబట్టి ఆదివారం స్కానర్ తీసుకుని నువ్వే రా, నెగటివ్ పట్టే స్కానరే తీసుకురా, మామూలుది పనికిరాదు. పొద్దున్నే బస్సెక్కు, పదింటికల్లా ఎండ ముదిరిపోతుంది. గోంగూర పచ్చడి చేసి ఉంచాను, సీసా తెచ్చుకో.

మీ అత్త